నాలుగు మూలల పసుపు

ఏలీయా ఇంటర్ తప్పాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆ సంగతి దాచుకునే రకం కాదు మనిషి. డబ్లిన్‌లో బ్లాంచర్డ్స్‌టౌన్ షాపింగ్ సెంటర్లో తెలుగు మొహం కనబడితే చాలు, అడక్కుండానే మొదలుపెట్టేవాడు. "కెమిస్ట్రీలో నేను రాసింది దిద్దలేక ముగ్గురు లెక్చరర్లు ముందే రిటైరయ్యారండీ. ఇప్పటికీ నా పేపరు గుంటూరులో ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసుంది."

చదువు తప్పినవాడు పనిలో తప్పలేదు. నరసరావుపేటలో పద్దెనిమిదేళ్ళు స్క్రీన్ ప్రింటింగ్ చేశాడు. చెక్క ఫ్రేముకి బిగించిన సన్నటి నైలాను గుడ్డ, దాని మీద ఇంకు, ఆ ఇంకుని ఈ చివర నుంచి ఆ చివరికి లాగే రబ్బరు బద్ద. ఒక్కో రంగుకి ఒక్కో ఫ్రేము. ఇదీ సరంజామా. లాగినవన్నీ పెళ్ళికార్డులే. "పల్నాడులో జరిగిన పెళ్ళిళ్ళలో సగం నా చేతి మీదుగా జరిగినయ్యి. మిగతా సగం లేచిపోయినయ్యి" అనేవాడు.

తర్వాత ఫ్లెక్సీలొచ్చాయి, ఆ వెనకే వాట్సాప్ శుభలేఖలొచ్చాయి, షాపు మూతపడింది. భార్య మార్తాకి డబ్లిన్‌లో బోమాంట్ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం రావడంతో ఏలీయా ఆమె వెనక సూట్‌కేసు మోసుకుంటూ ఐర్లాండ్ దిగాడు. సూట్‌కేసులో బట్టలకంటే ముందు రబ్బరు బద్ద పెట్టుకున్నాడు. ఇక్కడ ఒక హోటల్ లాండ్రీలో పనికి కుదిరాడు. రెండువేల ఇరవై మార్చిలో కరోనా వచ్చి హోటల్ మూసేశారు.

వాళ్ళు అద్దెకుంటున్నది గోపాలరావుగారి ఇంట్లో. గోపాలరావు చెర్రీవుడ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి మేనేజరు. ఇంటికి అతికించినట్టుండే గ్యారేజీని గదిగా మార్పించి రెండేళ్ళ కిందట వీళ్ళకిచ్చాడు. పెరట్లో చిన్న షెడ్డుంటే ఏలీయా అందులో తన ఫ్రేములు పెట్టుకున్నాడు. పని పోయాక ఆ షెడ్డులోనే చర్చివాళ్ళకి గుడ్డ మాస్కుల మీద పసుపురంగు శిలువలు అచ్చువేసేవాడు.

కరోనా వచ్చిన పదోరోజుకి ఆ ఇంట్లో రూల్సొచ్చాయి. మార్తా ముందు గేటులోంచి రాకూడదు. ఆసుపత్రి బూట్లు షెడ్డు బయటే విడవాలి. ఆమె ముట్టుకున్న చెత్తడబ్బా మూతని ఏలీయా డెట్టాలుతో తుడవాలి. దేశమంతా వాకిళ్ళలో నిలబడి నర్సులకి చప్పట్లు కొట్టిన రోజున గోపాలరావు కూడా కొట్టాడు, వీడియో తీసి తెలుగు గ్రూపులో పెట్టాడు. ఆ వీడియో అయిపోయిన మూడు నిమిషాలకే మార్తా పక్క సందులోంచి నడిచొస్తుంటే కిటికీ తలుపు వేసుకున్నాడు. గోపాలరావు భార్య మంగాదేవికి మాత్రం కొత్తగా మారాల్సిందేమీ లేకపోయింది. ఆమె ఏలీయాకి టీ ఇచ్చే గ్లాసు కరోనాకి ముందునుంచే విడిగా ఉండేది.

మే నెల మొదట్లో లండన్ నుంచి ఒక గొట్టం వచ్చింది. గోపాలరావు పైవాడు ఒక తెల్లాయన వీడియో మీటింగుల్లో వెనక గోడకి ఏదో ఆర్టు పెట్టుకుని కనబడేవాడు. అది చూసి మనవాడికి కడుపు మండింది. ఆన్‌లైన్ వేలంలో పెన్‌హేల్ అనే ఇంగ్లీషు ఆర్టిస్టు యాభైఏళ్ళ కిందట వేసిన స్క్రీన్ ప్రింట్ ఒకటి పాడి తెప్పించాడు. మూడు రోజులు వరండాలో పెట్టి, గొట్టానికి డెట్టాలు కొట్టి, నాలుగోరోజు విప్పాడు. విప్పి ఫొటో దిగాడో లేదో, మీటింగుకి టైమైందని పైకి పరిగెత్తాడు. ఆ సాయంత్రం గొట్టం తెచ్చి షెడ్డు ముందు గడ్డిలో పెట్టి, రెండు మీటర్లు వెనక్కి జరిగి పిలిచాడు.

"ఏలీయా, నీకు ఇలాంటివి తెలుసు కదా. ఫ్రేము షాపులన్నీ మూసేశారు. నువ్వే కట్టు. సోమవారం మీటింగ్‌కి నా వెనక ఉండాలి."

ఏలీయా గొట్టంలోంచి కాగితం తీసి పరిచాడు. ఒక పక్కకి ఒరిగిన గోధుమరంగు దిమ్మె, దాన్ని ఆనుకుని నల్లటి పలక, పైన అంచు తెగిన నారింజరంగు గుండ్రం, కింద ఎక్కడికీ పోని నీలిగీత. అంతే బొమ్మ. అడుగున పెన్సిలుతో సంతకం, దాని పక్కన పద్నాలుగు బై డెబ్బై ఐదు అని రాసుంది.

"డెబ్బై ఐదుకి పద్నాలుగే వచ్చినయ్యా సార్? పాపం. కెమిస్ట్రీలో నాక్కూడా ఇంతకంటే మెరుగే."

"మార్కులు కాదయ్యా! మొత్తం డెబ్బై ఐదు కాపీలు వేశాడు. ఇది పద్నాలుగోది."

"డెబ్బై ఐదా? నేను పొద్దున టిఫిన్‌కి ముందే రెండొందలు లాగేవాణ్ణి. ఈ గుండ్రానికీ పలకకీ మధ్యన చూడండి, వెంట్రుకంత తెల్ల సందు వదిలాడు. రెండో రంగు కుదరలా. మా ఓనరైతే వీపు చీరేసేవాడు."

"నీ పని నువ్వు చూసుకో" అని గోపాలరావు లోపలికి పోయాడు.

ఎగతాళి చేశాడు గానీ, ఏలీయా ఆ గుండ్రం అంచు వెంట వేలు పోనిచ్చి చూశాడు. ఆ నారింజరంగు ఒక్క లాగుడుకే పడింది. ఎక్కడా చేతి వణుకు లేదు. వేసినవాడెవడో గాని పనివాడే. షెడ్డు తలుపు వేసుకుని చాలాసేపు దాన్నే చూస్తూ కూచున్నాడు.

కాగితం నాలుగు మూలలా బొటనవేలంత పసుపుబొట్లు ఉన్నాయి. ఏలీయా చూశాడు. చూసి ఊరుకున్నాడు. ఊరుకోకేం చేస్తాడు? పద్దెనిమిదేళ్ళుగా ప్రతి పెళ్ళివాళ్ళూ షాపుకొచ్చి మొదటి కట్ట విప్పించి నాలుగు మూలలా పసుపు రాయించుకుని మరీ తీసుకెళ్ళడం చూసినవాడు. కొత్త కాగితానికి పసుపు పెట్టకపోతేనే అతని కంటికి ఏదో వెలితి. గోపాలరావుగారింట్లో పద్ధతి బాగానే పాటించారే అనుకున్నాడు. ఆ బొట్లు కనబడేట్టుగా బొమ్మ చుట్టూ పెట్టే అట్టలో కంత కొంచెం వెడల్పుగా కోసి, ముచ్చటగా ఫ్రేము కట్టి, ఆదివారం మధ్యాహ్నం పెరట్లో కుర్చీ మీద ఆనించి పిలిచాడు.

గోపాలరావు వచ్చి చూశాడు. మొహం మాడిపోయింది.

"ఏంటిది?"

"ఏది సార్?"

"ఈ పసుపు మరకలేంటి? నాలుగు వైపులా? నీ దిక్కుమాలిన ఇంకు నా ప్రింట్‌కి పూశావా?"

"ఇంకు కాదు సార్. పసుపు. మీరే పెట్టించారు కదా."

"నేనా? నాకేం పిచ్చా? యాభైఏళ్ళ నాటి ప్రింట్‌కి పసుపు రాస్తానా?" ఫోను తీసి నాలుగురోజుల కిందటి ఫొటో చూపించాడు. మూలలు తెల్లగా ఉన్నాయి. "ఇది నీ షెడ్డులోకి వెళ్ళేముందు. ఇది వచ్చాక. ఇంకేం కావాలి? మంగా! ఓ మంగా! నువ్వేమైనా రాశావా దీనికి?"

మంగాదేవి వంటింటి కిటికీ దగ్గరే ఉంది. మొగుడి గొంతు ఎంత ఎత్తున ఉందో విన్నది. "నాకేం తెలుసు" అని గిన్నెలు తోముకుంది.

గోపాలరావు వెనక్కి తిరిగాడు. వారంరోజులుగా వెతుకుతున్నదేదో దొరికినట్టుంది ఆ తిరగడం. "చూడు, వచ్చే ఆదివారానికి గది ఖాళీ చెయ్యండి. లీజు లేదు, నా ఇంట్లో గది. పోలీసులొచ్చినా నన్నేమీ అనలేరు. ఒక నమ్మకం మీద వస్తువిస్తే పాడుచేసినవాణ్ణి ఇంట్లో ఉంచుకోను."

ఐదు కిలోమీటర్లు దాటి బయటికి పోకూడని రోజులవి. ఇల్లు చూపించేవాళ్ళే లేరు. రూల్సొచ్చినప్పుడే ఒకసారి వెతికితే, ఉన్న ఒకరిద్దరు ఫోన్లో "ఉద్యోగం ఎక్కడ?" అని అడిగి, మార్తా "బోమాంట్‌లో నర్సుని" అనగానే మళ్ళీ చేస్తామని పెట్టేసేవాళ్ళు. మళ్ళీ ఎవరూ చెయ్యలేదు.

మర్నాడు పొద్దున మార్తా డ్యూటీ దిగి వచ్చింది. మాస్కు తాడు చెంపల మీద కోసినట్టు అచ్చుపడింది. సంగతి విని మంచం మీద కూలబడింది.

"ఇంకు నీదేనా?"

"నా ఇంకు మూలల్లోనే పడుద్దా ఏంది? నాలుగు వైపులా కొలిచినట్టు?"

"అట్టాగైతే చెప్పు ఆయనకి. కథలు చెప్పబాక, ఉన్నది చెప్పు. మనకి ఎక్కడికి పోవాలో కూడా తెలీదు."

ఏలీయా ఒక గిన్నెలో బట్టల పొడి కలిపిన నీళ్ళు, కాస్త దూది తీసుకుని పెరట్లోకి నడిచాడు. గోపాలరావుని పిలిచాడు.

"సార్, తెల్లచొక్కా మీద కూర పడితే సబ్బు పెట్టగానే ఏమౌద్ది?"

"ఎర్రబడుతుంది. అయితే?"

"ఇంకైతే ఎర్రబడదు. పసుపే ఎర్రబడుద్ది. ఈ దూదితో మూల మీద ఒత్తి, దూదిని సబ్బునీళ్ళలో ముంచి చూపిస్తా. బొమ్మకేం కాదు."

"దూదికి ముందే పసుపు రాసుకుని రాలేదని ఏంటి నమ్మకం? మీ మాటలు నాకు తెలీవా? చేస్తే నా కళ్ళముందు బొమ్మ మీదే చెయ్యి."

"బొమ్మ మీద చేస్తే ఆ మూల ఎర్రగా అయిపోద్ది సార్."

"చెయ్యమంటున్నాగా!"

"సరే. ఏ మూలో మీరే చెప్పండి. తర్వాత నన్నంటే ఊరుకోను."

గోపాలరావు పై ఎడమ మూల చూపించాడు. ఏలీయా ఫ్రేము విప్పి, సబ్బునీళ్ళు తాకిన దూది అక్కడ ఆనించి తీశాడు. చూస్తుండగానే ఆ బొట్టు కిళ్ళీ ఉమ్మిలాగా ఎర్రబడింది.

మంగాదేవి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. "నేనే పెట్టాను. సముద్రం దాటి ఇంటికి కొత్త వస్తువొచ్చింది, అందులోనూ కాగితం. మీరు మీటింగుకి పైకి పోగానే దేవుడి దగ్గర పెట్టి నాలుగు మూలలా పసుపు రాసి, మళ్ళీ చుట్టి గొట్టంలో పెట్టాను. నిన్నటి నుంచీ నా పసుపును మరకలు మరకలు అంటున్నారు. మరకేంటండీ? దుగ్గిరాల కొమ్ము కొట్టించిన పసుపు అది."

"మరి నిన్న అడిగితే తెలీదన్నావేం?"

"మీరు అడిగిన తీరుకి ఎవరు చెబుతారు?" ఆమె ఏలీయా వైపు చూడలేదు. "వీళ్ళని వెళ్ళమనదల్చుకుంటే ఆసుపత్రి భయమని చెప్పి పంపండి. నా పసుపు మీద పెట్టకండి."

గోపాలరావుకి ఇక చాటు మిగల్లేదు. "అవును, భయమే! రోజూ ఆ వార్డుకి వెళ్ళొచ్చి నా గోడకి గోడ ఆనుకుని పడుకుంటుంది మీ ఆవిడ. నాకు షుగరుంది. ఆదివారం అంటే ఆదివారమే."

ఏలీయా ఒళ్ళు మండింది. ఆ గిన్నెడు నీళ్ళూ బొమ్మ మీద గుమ్మరిద్దామన్నంత కోపం వచ్చింది. కానీ నారింజ గుండ్రం అక్కడే కళ్ళెదురుగా ఉంది. పనివాడు పనివాడి సరుకు పాడుచెయ్యలేడు. గిన్నె కింద పెట్టి, మామూలుగా గొప్పలు చెప్పేటప్పుడు పెట్టే మొహం పెట్టాడు.

"పోతాం సార్. మరి దీన్నెవరు బాగుచేస్తారు?"

"లండన్‌లో ఒకాయన ఉన్నాడు."

"ఆయన జన్మలో పసుపు చూశాడా? బ్లీచింగు కొడతాడు. మీ పద్నాలుగో నంబరు పదిహేనో ముక్కౌద్ది. పసుపుని ఎండే తీయాలి. బొమ్మ మొత్తం నల్ల కాగితంతో కప్పి, మూలలు మాత్రమే ఎండకి పెట్టాలి. నేను స్క్రీన్ల మీద అక్షరాలు ఎండతోనే దించినవాణ్ణి. నరసరావుపేటలో ఒక ఎమ్మెల్యే కూతురి పెళ్ళికి వెయ్యి కార్డుల మీద పసుపు నీళ్ళు ఒలికితే, మేడ మీద పరిచి తీసేశాను. పెళ్ళికూతురి పేరు కూడా ఎగిరిపోతుంటే కాలితో తొక్కి ఆపా."

"ఎన్నిరోజులు పడుతుంది?"

మే ఎండ ఆ ఏడాది డబ్లిన్‌లో దంచి కొడుతోంది. మూడురోజులు చాలు. అది ఏలీయాకి తెలుసు. షెడ్డు పక్కన మార్తా విడిచిన బూట్లు కనిపించాయి.

"ఎనిమిది వారాలు" అన్నాడు.

"ఎనిమిదా!"

"ఇది పల్చటి మజ్జిగలాంటి ఎండ సార్. పొద్దున పదకొండూ నలభై నుంచి పది నిమిషాలే పనికొచ్చేది. పదకొండో నిమిషం పెట్టామా, నారింజ రంగు నిమ్మపండు రంగుకి దిగుద్ది. ఆపైన మీ ఇష్టం."

గోపాలరావు బొమ్మ వంక చూశాడు, గ్యారేజీ వంక చూశాడు, పళ్ళు కొరికాడు. "మీ ఆవిడ నా పెరట్లో అడుగుపెట్టకూడదు" అన్నాడు. అంటే ఒప్పుకున్నట్టే.

గదిలోకి వెళ్ళి చెబితే మార్తా దుప్పటి తీసి చూసింది. "మూడురోజుల పనికి ఎనిమిది వారాలా? పట్టుకుంటే మెడపట్టి గెంటుతాడు."

"ఎట్టాగూ గెంటుతానన్నాడుగా. నువ్వు ఇల్లు చూడు. నేను ఎండ చూసుకుంటా."

ఆనాటి నుంచి గోపాలరావు తన ఆఫీసు క్యాలెండర్లో పదకొండూ నలభైకి రోజువారీ మీటింగు పెట్టుకున్నాడు. టంచనుగా పెరట్లోకి వచ్చి, రెండు మీటర్ల దూరంలో నిలబడి, నాలుగు మూలలకీ ఫొటోలు తీసి, మరక ఇంకా ఎంత మిగిలిందో ఎక్సెల్ షీటులో శాతాలు రాసేవాడు. పై ఎడమ తొంభై రెండు. కింది కుడి తొంభై. మాటలు తక్కువ, చూపులెక్కువ.

"నిన్నటికీ ఇవాళ్టికీ తేడా లేదేంటి?"

"మబ్బు సార్."

"మబ్బెక్కడుంది?"

"పైకి చూస్తే కనబడదు. కాగితానికి తెలుస్తుంది."

అసలు సంగతేమిటంటే, ఆ పది నిమిషాలకే పసుపు కొంచెం ఎగిరిపోతోంది. ఏలీయా పొద్దున్నే గదిలో అలమరలోంచి పసుపు డబ్బా తీసి, చిటికెడు పొడి వేలికద్ది ఆ మూలలే మళ్ళీ రుద్దుతున్నాడు. నెలరోజులు సాగింది. అద్దె ఇళ్ళు చూపించడం మళ్ళీ మొదలైంది. మార్తా డ్యూటీ దిగి బస్సుల్లో తిరిగి ఇళ్ళు చూసొచ్చేది. కాదన్నవాళ్ళందరూ మర్యాదగానే కాదన్నారు.

ఐదోవారంలో ఒక పొద్దున ఏలీయా వేలు మూల మీద ఉండగా షెడ్డు గుమ్మంలో మంగాదేవి నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలీదు.

"అది నా పసుపు కాదు" అంది.

ఏలీయా వేలు వెనక్కి తీసుకున్నాడు. జీవితంలో మొదటిసారి నోటికి కథ అందలేదు.

"నా పసుపు ఎరుపు తిరిగి ఉంటుంది. ఇది షాపులో ప్యాకెట్ పసుపు, పేడరంగు. వారంనుంచీ కిటికీలోంచి చూస్తున్నాను. ఆయనకి కూర రంగే తెలీదు కాబట్టి బతికిపోయావు."

"చెబుతారా మేడంగారూ?"

ఆమె కొంగులోంచి చిన్న స్టీలు డబ్బా తీసి గడప మీద పెట్టింది. చేతికివ్వలేదు. "ఇది వాడు. మీ మీద జాలిపడి కాదు, అది గుర్తుపెట్టుకో. మార్చి నుంచీ ఆ మనిషి ఇరవై నాలుగ్గంటలూ నెత్తి మీదే ఉన్నాడు. ఉప్పు తక్కువ, ఫ్యాను ఎక్కువ, మీటింగులో ఉన్నా దగ్గకు. పదకొండూ నలభైకి బయటికి పోతే పది నిమిషాలు నా ఇల్లు నాదిగా ఉంటోంది. పదిహేను చెయ్యగలవేమో చూడు."

"ఇరవై చేస్తా."

"ఎక్కువ చెయ్యకు" అని వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి ఎండ పనికొచ్చే సమయం పద్దెనిమిది నిమిషాలకి పెరిగింది. భూమి ఒరిగిందని ఏలీయా గోపాలరావుకి వివరంగా చెప్పాడు.

ఏడోవారం సోమవారం మార్తాకి బోమాంట్‌లోనే, ఆసుపత్రికి నడిచివెళ్ళే దూరంలో, మేడమీద రెండు గదులు దొరికాయి. ఆ ఇంటి ముసలావిడ ఫోన్లో నర్సని విని పెట్టెయ్యలేదు. "గ్రాండ్" అంది, ఐరిష్ వాళ్ళ మాటలో సరేనని. అంతే. శుక్రవారం తాళాలిస్తానంది. లీజు కాగితం మీద ఇద్దరి పేర్లూ రాయించింది మార్తా.

ఆ మంగళవారం గోపాలరావు లోపలికి వెళ్ళగానే ఏలీయా బొమ్మని తియ్యలేదు. నల్ల కాగితం గట్టిగా బిగించి, మూలలు నాలుగూ వదిలి, పొద్దుగూకేదాకా ఎండలోనే ఉంచాడు. ఎర్రబడిన మూలకి ముందు నిమ్మరసం తాకించి పసుపు రంగుకి తెచ్చుకున్నాడు. మంగళ, బుధ, గురు. గురువారం సాయంత్రానికి నాలుగు మూలలూ పాలలా తెల్లగా ఉన్నాయి. నారింజ గుండ్రం చెక్కు చెదరలేదు. ఫ్రేము మళ్ళీ కట్టి, అద్దం తుడిచి, వరండాలో ఆనించాడు.

శుక్రవారం మార్తా అరువు కారులో సామాను సర్దుకుని ముందు సీట్లో కూచుంది. ఏలీయా చివరి సంచి మోస్తుండగా గోపాలరావు ల్యాప్‌టాప్ చేత్తో పట్టుకునే బయటికొచ్చాడు. మాస్కు గడ్డం కింద ఉంది.

"ఆగు. ఈ గ్రాఫ్ చూడు. ఆరువారాలు గీత ఇలా పడుకుని ఉంది. మంగళవారం నుంచి నిలువునా కిందికి పడింది. మూడురోజులు! మూడురోజుల్లో అయిపోయే పని!"

ఏలీయా దగ్గరికెళ్ళి వంగి చూశాడు. అడ్డంగా ఒక నీలిగీత, చివర్లో నిలువుగా ఇంకోటి.

"బాగుంది సార్. దీన్ని కూడా ఫ్రేము కట్టమంటారా?"

"మోసగాడివి! నమ్మి ఇంట్లో పెట్టుకుంటే నన్ను వెధవని చేశావు. తెలుగు గ్రూపులో అందరికీ చెబుతాను నీ సంగతి."

"చెప్పండి. బోమాంట్ నర్సుని ఇంట్లోంచి పొమ్మన్నారు, పసుపు ఆపింది అని చెప్పండి. పూర్తిగా చెప్పకపోతే నేను చెబుతా. నేను చెబితే ఎట్టా ఉంటుందో మీకు తెలుసుగా? అందులో మీరు నర్సుని తరుముతూ రోడ్డున పడి, నాలుగు చోట్ల విరగ్గొట్టుకుంటారు."

గోపాలరావు ల్యాప్‌టాప్ మూశాడు. లోపలినుంచి కుక్కరు కూత వినబడుతోంది. మంగాదేవి బయటికి రాలేదు.

"తాళం" అన్నాడు గోపాలరావు, చెయ్యి చాపకుండా గేటు మీద పెట్టమని చూపిస్తూ.

ఏలీయా తాళం గేటు మీద పెట్టాడు. కారు అద్దం దిగింది. ఏడువారాల్లో గోపాలరావుతో ఒక్కమాట మాట్లాడని మార్తా తల బయటికి పెట్టింది.

"సార్, మీకు షుగరు కదా. దగ్గొస్తే ఆలస్యం చెయ్యకుండా జీపీ డాక్టరుకి ఫోన్ చెయ్యండి. బోమాంట్‌కి తీసుకొస్తే నేను డ్యూటీలో ఉండొచ్చు. అప్పుడు మాత్రం మా ఇంట్లో ఉన్న అమ్మాయే అని ఎవరికీ చెప్పబాకండి."

అద్దం ఎక్కించేసింది. ఏలీయా కారు తిప్పి పెద్ద రోడ్డెక్కాడు. సందు దాటకముందే మొదలుపెట్టాడు. "చూశావా ఆయన మొహం? ఆ గ్రాఫ్ చూసి సాక్షాత్తూ లండన్ మ్యూజియం వాళ్ళే..."

"నోరు మూసుకుని గేరు మార్చు" అంది మార్తా. సీటు వెనక్కి వాల్చుకుని, బూట్లు విప్పి, కాళ్ళు ముందుకి చాపుకుంది. రౌండబౌట్ దాటేసరికి నిద్రపోయింది.